తోడుకున్న పెరుగుకు మళ్లీ తోడెందుకు?

బెంగళూరులో కె.ఆర్. పురం దాటాక మా మేనమామ ఇల్లు. హిందూపురం నుంచి వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల వీధిలోకి యూజీడీ లైన్ (భూగర్భ డ్రైనేజీ) ఇంకా రాలేదు, సెప్టిక్ ట్యాంకే గతి. ప్రతి నెలా మొదటి ఆదివారం మామ టాయిలెట్‌లో ఓ ప్యాకెట్ బ్యాక్టీరియా పొడి పోసి ఫ్లష్ కొట్టేవాడు. ఇది వేస్తే పదేళ్లు ట్యాంకు మూత తీయక్కర్లేదని దుకాణంలో చెప్పారట. మొన్నటి వానలకు కింది బాత్‌రూమ్‌లో నీళ్లు వెనక్కి తన్నాయి. "నెలనెలా మందు వేస్తానే ఉండాను కదప్పా, ఇదేంది మళ్లా?" అని ఫోన్ చేశాడు.

ఆ ట్యాంకులో చేరినవి మూడు పొరలుగా విడిపోతాయి. బరువైనవి అడుగున మడ్డిగా దిగుతాయి. నూనె, కొవ్వు పైన తెట్టు కడతాయి. మధ్యలో తేరిన నీరు అవతలి పైపు గుండా ఇంకుడు గుంతకు పోతుంది. ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా ఆ చీకట్లో మడ్డిని తింటూ మీథేన్, కార్బన్ డయాక్సైడ్, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. సెప్టిక్ అన్న మాటకు గ్రీకు మూలంలో అర్థమే కుళ్లడం. 1895లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ కట్టిన ట్యాంకుతో ఆ పేరు నిలిచింది.

మరి ఈ బ్యాక్టీరియాను ఎవరు పంపాలి? రోజూ మనమే పంపుతున్నాం. గ్రాము మలంలో వేల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. వాడుకలో ఉన్న ట్యాంకులో చెంచాడు పొడి వేయడమంటే, తోడుకున్న పెరుగులో మళ్లీ తోడు వేయడమే. పైగా ఇలాంటి పొడుల్లో తరచూ ఉండేవి బాసిల్లస్ అనే బ్యాక్టీరియా జాతి బీజాణువులు, అంటే నిద్రలో ఉన్న విత్తనాల్లాంటివి. అప్పటికే పాతుకుపోయిన సైన్యం మధ్య వాటికి చోటు దొరకడం కష్టం. కొత్తగా కట్టిన ట్యాంకు సంగతి వేరు. దానికి తోడు కావాలి. పక్కింటి ట్యాంకులోని పాత మడ్డి కాస్త, అది దొరక్కపోతే మాగిన ఆవు పేడ వేయమని మన భారతీయ ప్రమాణమే చెబుతుంది.

పొడుల్లోని ఎంజైములు కొవ్వును కరిగిస్తాయి, నిజమే. కరిగిన కొవ్వు ట్యాంకులో ఆగకుండా ఇంకుడు గుంతకు చేరి అక్కడ గడ్డకడితే? నేల రంధ్రాలు మూసుకుంటాయి. ట్యాంకు బాగుపడినట్టే ఉంటుంది, చెడిపోయేది గుంత. దోసె పెనం మీది జిడ్డును కాగితంతో తుడిచి కడగడం ఇంతకంటే మేలు. ఇక యాసిడ్లు, కాస్టిక్ సోడా జోలికి పోనే వద్దు. బ్యాక్టీరియా చస్తుంది, యాసిడ్ కాంక్రీటునూ తినేస్తుంది. బాత్‌రూమ్ కడిగే మూతెడు ఫినాయిల్‌కు మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు.

పొడి అసలు చేయలేని పని ఇంకొకటుంది. ఇసుక, వెంట్రుకలు, ప్యాడ్లు, అరగని మిగులు దాని వల్ల మాయమవవు. కాబట్టి చూడాల్సింది ప్యాకెట్ మీది రాతలు కాదు, మడ్డి ఎంత మందం ఉందన్నది. ట్యాంకు ఖాళీ చేయడానికి మామ పిలిపించిన లారీ అతను గ్లవుజులు వేసుకుని, పొడవాటి కర్రకు తెల్ల తుండుగుడ్డ చుట్టి, అవుట్‌లెట్ వైపు మూతలోంచి అడుగు తగిలేదాకా దించాడు. కొన్ని నిమిషాలాగి మెల్లగా పైకి లాగాడు. అయిదడుగుల నీళ్లలో దాదాపు మూడడుగుల మేర గుడ్డ తారు పూసినట్టు నల్లగా ఉంది. తెట్టూ మడ్డీ కలిపి మూడో వంతు దాటితే తీయించాలి. మామూలు కుటుంబానికి రెండు మూడేళ్లకోసారి.

మూత తీసినప్పుడు సిగరెట్, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు, మీథేన్ అంటుకుంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారి: మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి అక్కడికక్కడే కూలతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. "లారీ పైపు చాలదా, ఓ మనిషి దిగి గోకితే శుభ్రంగా వస్తుంది కదా" అని మామ అంటే ఆ లారీ అతనే ఒప్పుకోలేదు. అంతకంటే మంచి పని ఇంకోటి చేశాడు. అడుగున రెండు మూడు అంగుళాల మడ్డి వదిలేసి పైపు చుట్టేశాడు.

"డబ్బులు పూర్తిగా ఇస్తాండాను కదా, అది ఎందుకు మిగిల్చినావు?" అన్నాడు మామ.

"తోడుకు ఉండనీ సార్."