క్లయింట్ ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో పెట్టేశాం, ఇక భయం లేదా?

సొంతంగా కౌన్సెలింగ్ ప్రాక్టీస్ చేసుకునే తోటివాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇదే. "మేడమ్, క్లౌడ్‌లో పెడితే ఎవరైనా చూసేస్తారట. నోట్సన్నీ దించేసి హార్డ్ డిస్క్‌లో పెట్టేశాను. ఇక టెన్షన్ లేదుగా?" వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, మనల్ని నమ్మి చెప్పుకున్న మాటలవి. ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చూసి రాత్రికి రాత్రే అన్నీ డిలీట్ చేసుకోవడం మాత్రం చిరాకు తెప్పిస్తుంది.

అపోహ: ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉంటే బ్యాకప్ ఉన్నట్టే.

కాదు. లాప్‌టాప్‌లోంచి తీసేసి డిస్క్‌లో పెడితే ఫైలు చోటు మారింది, అంతే. మీ దగ్గరున్నది ఇప్పటికీ ఒక్క కాపీయే. నేనూ ఒకప్పుడు అలాగే ఒకే డిస్క్‌లో ఉంచుకునేదాన్ని. ఓ రోజు కేబుల్ కాలికి తగిలి అది టేబుల్ మీంచి పడింది. మళ్లీ పెడితే లోపల టిక్, టిక్ అని చప్పుడు. కాసేపు ఆగి మళ్లీ టిక్, టిక్. కంగారులో నాలుగైదుసార్లు పీకి పెట్టాను, అది ఇంకో తప్పు. ఆ చప్పుడు వినిపిస్తే వెంటనే ఆపేయాలి, తిరిగేకొద్దీ లోపల ఇంకా పాడవుతుంది.

రికవరీకి ఇద్దామంటే అసలు చిక్కు అప్పుడు తెలిసింది. ఫైళ్లకు ఎన్‌క్రిప్షన్ లేదు, అంటే పాస్‌వర్డ్ లేనివాళ్లు చదవలేనట్టు మార్చి దాచలేదు. డేటా కావాలంటే నా క్లయింట్ల రహస్యాలన్నీ ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టాలి. ఇవ్వలేకపోయాను. తర్వాతి వారం ఒకావిడ వచ్చి, పోయినసారి ఎక్కడ ఆపామో చూసి అక్కణ్నుంచి మొదలెడదామంది. నోట్సు పోయాయని చెప్పాను. "పోవడమంటే పాడయ్యాయా, ఎవరి చేతికైనా వెళ్లాయా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు లాప్‌టాప్‌లో ఒకటి, విడిగా రెండు డిస్కుల్లో రెండు కాపీలు. వారం మార్చి వారం ఒక్కో డిస్క్‌లోకి ఎక్కిస్తాను, రెండోది వేరే చోట బీరువాలో ఉంటుంది. కాపీ అవగానే డిస్క్ ఊడదీస్తాను. ఎప్పుడూ తగిలించే ఉంచితే, ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లు తెరుచుకోకుండా చేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినప్పుడు లాప్‌టాప్‌తో పాటు దానికీ తాళం వేసేస్తుంది. నెలకోసారి డిస్క్ నుంచి ఏదో ఒక పాత ఫైలు తెరిచి చూస్తాను. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అపోహ: లాప్‌టాప్‌కి పాస్‌వర్డ్ ఉంది, చాలు.

లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే, లోపలి డ్రైవ్ ఊడదీసి ఇంకో మెషీన్‌కి తగిలించి ఫైళ్లు చదివేయొచ్చు. మొత్తం డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలి. విండోస్ ప్రోలో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉన్నాయి. వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, బయటి డిస్కులకు నేను అదే వాడతాను. మామూలుగా తెరుచుకోనప్పుడు డ్రైవ్ తెరవడానికి బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి విడిగా దాచండి, లాప్‌టాప్ బ్యాగులో మాత్రం వద్దు. వెరాక్రిప్ట్ పాస్‌వర్డ్ మర్చిపోతే తెరిచి పెట్టేవాళ్లు ఎవరూ లేరు.

అపోహ: నావన్నీ ఆఫ్‌లైన్‌లోనే ఉన్నాయి.

ఇలా గట్టిగా చెప్పిన ఒకాయనను ఫోన్‌లో ఉండగానే డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరిచి చూడమన్నాను. ఫైళ్ల పక్కన చిన్న మబ్బు గుర్తు కనిపించిందట. మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ ఎప్పుడో ఆన్ అయి, అన్నీ పైకి వెళ్తూనే ఉన్నాయి. పాపం, కాసేపు నోట మాట రాలేదు. సమ్మతి పత్రాన్ని ఫోన్‌తో ఫొటో తీసేవాళ్లూ ఇది చూసుకోవాలి. ఫొటోల ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంటే అదీ పైకి వెళ్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పెన్ డ్రైవ్ ఫైళ్లు మోసుకెళ్లడానికి, ఏళ్ల తరబడి దాచడానికి కాదు. ఎక్సెల్‌లో షీట్ ప్రొటెక్ట్ చేస్తే అంకెలు మార్చకుండా ఆపుతుందే కానీ చదవకుండా ఆపదు. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టాలి, అది వేరే ఆప్షన్. కాగితం వాడేవాళ్లను తక్కువ చేయకండి, కాకపోతే తాళం వేసే బీరువా, చింపే మెషీన్ రెండూ ఉండాలి. పాత లాప్‌టాప్ అమ్మేముందు రీసైకిల్ బిన్ ఖాళీ చేశానని ధీమాగా ఉండకండి, ఆ ఫైళ్లను వెనక్కి రప్పించే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.