ఆ ముగ్గురికీ కుర్చీ వేసిందెవరు: పిల్లలకు ఉత్తరం

ఒరేయ్ చిన్నూ, ఏమే అమ్మలూ,

మొన్న వీడియో కాల్‌లో చిన్నూ అన్న మాటకి అప్పుడే జవాబు చెబుదామనుకున్నా గానీ మీ నాన్నకి ఆఫీసు టైమైపోయి ఫోన్ లాగేసుకున్నాడు. "అమ్మమ్మా, మన దేశానికి కూడా ఒక హిట్లర్ ఉంటే అందరూ లైన్లో ఉండేవాళ్ళు" అన్నావు కదరా. ఆ మాట నీది కాదని నాకు తెలుసు, ఎవరో వాట్సాప్‌లో తిప్పుతున్నారు, మా కాలనీ గ్రూపులోకీ వచ్చింది, గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటోకీ మోకాళ్ళ నొప్పుల చిట్కాకీ మధ్యలో. దాంట్లో ఇంకోటి కూడా ఉంది, ముస్సోలినీ వచ్చాక ఇటలీలో రైళ్ళన్నీ టైముకి నడిచాయట. సోషల్ పాఠం చెప్పి చెప్పి రిటైరైనదాన్ని, ఇలాంటివి చూసి ఊరుకోలేను. అందుకే కూర్చుని పెద్ద ఉత్తరమే టైపు చేస్తున్నా, ఓపిగ్గా చదవండి, ఇది ఎగ్జామ్‌లో రాదు.

అందరూ ఏమనుకుంటారంటే ఈ జర్మనీ హిట్లర్, ఇటలీ ముస్సోలినీ, జపాన్ టోజో అనేవాళ్ళు మహా మొండిఘటాలు, తలుపులు బద్దలుకొట్టుకుని వచ్చి గద్దె లాక్కున్నారని. అసలు జరిగింది చూస్తే ముగ్గురికీ తలుపు లోపలినుంచే తీశారు. పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, "వీణ్ణి మనం వాడుకుందాం, మన చెప్పుచేతల్లో ఉంటాడు" అనుకుని తీశారు.

ముందు ముస్సోలినీ సంగతి, ఎందుకంటే వీడే అందరికంటే సీనియరు. 1883లో ఇటలీలో ప్రెడాపియో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నాన్న కమ్మరి, అమ్మ నాలాగే బడిపంతులమ్మ (ఏం చేస్తాం). నాన్న గట్టి సోషలిస్టు, మెక్సికో నాయకుడు బెనిటో హువారెజ్ పేరు తెచ్చి కొడుక్కి బెనిటో అని పెట్టుకున్నాడు. పిల్లాడేమో బడిలో తోటివాణ్ణి చాకుతో పొడిచి బయటికి గెంటించుకున్నాడు. పెద్దయ్యాక కొన్నాళ్ళు టీచరుగా చేశాడు, స్విట్జర్లాండ్ పోయి తిరిగాడు, 1912కల్లా సోషలిస్టు పార్టీ పేపరు 'అవాంతి'కి ఎడిటరయ్యాడు. కలం బాగా నడిచేది, నోరు ఇంకా బాగా నడిచేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, మొదట యుద్ధం వద్దన్నాడు, నాలుగు నెలలు తిరక్కుండానే కావాలన్నాడు, సొంత పేపరు పెట్టుకున్నాడు, పార్టీ వాళ్ళు గెంటేశారు. 1919 మార్చిలో మిలాన్‌లో కొంతమందిని పోగేసి ఫాసిస్టు సంఘం మొదలెట్టాడు, అదే ఏడాది నవంబర్ ఎలక్షన్లలో ఒక్కడంటే ఒక్కడు గెలవలేదు. సోషలిస్టులు వీడి పేరుతో శవపేటిక ఊరేగించి నవ్వుకున్నారు.

మరి మూడేళ్ళలో ప్రధానమంత్రి ఎలా అయ్యాడు? 1920లో కార్మికులు ఫ్యాక్టరీలు ఆక్రమించుకున్నారు, పల్లెల్లో కూలీలు సమ్మెలు, రష్యాలో వచ్చిన విప్లవమే ఇక్కడా వస్తుందని భూస్వాములకీ ఫ్యాక్టరీ ఓనర్లకీ నిద్రపట్టలేదు. అప్పుడు ముస్సోలినీ వెనకున్న ఈ నల్లచొక్కాల కుర్రాళ్ళు వాళ్ళకి దేవుళ్ళలా కనిపించారు. రాత్రిపూట లారీల్లో వెళ్ళి కూలీ సంఘాల ఆఫీసులు తగలబెట్టడం, లీడర్లని కర్రలతో చితక్కొట్టడం, పట్టుకుని బలవంతంగా సీసాలకొద్దీ ఆముదం తాగించడం. మీకు ఆముదం అంటే నవ్వొస్తుంది గానీ అంత మోతాదులో తాగిస్తే మనిషి నడివీధిలో ఒళ్ళూ పరువూ రెండూ పోగొట్టుకునేవాడు, అలా చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. ఎక్కడైనా సరే, ఒకడు కొడుతుంటే పోలీసు చూస్తూ నిలబడ్డాడంటే ఆ కొట్టేవాడికి వెనకాల పెద్దవాళ్ళెవరో ఉన్నారనే లెక్క.

1922 అక్టోబర్ చివర్లో వేలమంది నల్లచొక్కాలు రోమ్ మీదకి బయల్దేరారు. వర్షం, బురద, చాలామంది దగ్గర సరైన తుపాకులే లేవు. రోమ్‌లో ఉన్న సైన్యానికి వీళ్ళని చెదరగొట్టడం ఒక పూట పని. ప్రధాని ఫక్టా 28వ తేదీ పొద్దున్నే మార్షల్ లా కాగితం పట్టుకుని రాజుగారు విక్టర్ ఇమ్మాన్యుయేల్ దగ్గరికి సంతకం కోసం వెళ్ళాడు, రాజు తప్పకుండా పెడతాడన్న ధీమాతో అప్పటికే జిల్లాలకి టెలిగ్రాంలు పోయాయి, ఊళ్ళో పోస్టర్లు కూడా అంటించేశారు. రాజు సంతకం పెట్టనన్నాడు! అంతర్యుద్ధం వస్తుందని భయమో, సైన్యం మాట వింటుందో లేదోనని అనుమానమో, సోషలిస్టుల కంటే వీడే నయమనుకున్నాడో, చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ టెలిగ్రాంలు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. మరి మన వీరుడు ఆ టైములో ఎక్కడున్నాడు? మిలాన్‌లో, స్విట్జర్లాండ్ బోర్డర్‌కి దగ్గర్లో, తేడా వస్తే దాటేద్దామన్నంత దూరంలో. రాజుగారి కబురు అందాక రాత్రి రైలెక్కి, పడుకుని, 30వ తేదీ పొద్దున రోమ్‌లో దిగాడు. 39 ఏళ్ళకే ప్రధాని. రైళ్ళ గురించి చెప్పాలంటే నేను ఇదొక్కటే చెబుతా చిన్నూ. పెద్ద లైన్లలో కొన్ని బాగుపడ్డమాట నిజమే, ఆ పనులు చాలావరకు వాడు రాకముందే మొదలయ్యాయి, చిన్న లైన్లు మాత్రం ఎప్పటిలాగే లేటు, కాకపోతే లేటని రాయడానికి పేపర్లకి ధైర్యం లేదు.

1924లో మాట్టియోట్టి అనే సోషలిస్టు ఎంపీ పార్లమెంటులో లేచి ఎలక్షన్లలో జరిగిన రిగ్గింగునీ దౌర్జన్యాన్నీ లెక్కలతో సహా చదివాడు, మే 30న. జూన్ 10న పట్టపగలు కార్లో ఎత్తుకెళ్ళి చంపేశారు. దేశం అట్టుడికింది, అపోజిషన్ వాళ్ళు పార్లమెంటు బాయ్‌కాట్ చేసి బయట కూర్చున్నారు, రాజు కదల్లేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో నిలబడి జరిగినదానికంతటికీ బాధ్యత నాదే, చేతనైతే ఏం చేస్తారో చెయ్యండన్నట్టు మాట్లాడాడు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆ రోజునుంచీ అది నియంతృత్వమే.

ఇక హిట్లర్. 1889లో ఆస్ట్రియాలో బ్రౌనౌ అనే ఊళ్ళో పుట్టాడు, జర్మనీలో కాదు. నాన్న కస్టమ్స్ ఆఫీసరు, చెయ్యి దురుసు. అమ్మంటే ప్రాణం, ఆవిడ 1907లో క్యాన్సర్‌తో పోయింది. వియన్నా ఆర్ట్ అకాడమీలో రెండుసార్లు సీటు రాలేదు, మగవాళ్ళ హాస్టల్లో ఉంటూ ఊరి బొమ్మలేసి అమ్ముకుని బతికాడు. "సీటు ఇచ్చుంటే ఇదంతా జరిగేది కాదు" అని ఒక జోకు తిరుగుతుంటుంది. ప్రతి ఏటా లక్షలమంది పిల్లలకి సీట్లు రావు, వాళ్ళెవరూ కోట్లమందిని చంపరు, ఆ జోకు నాకు నచ్చదు.

మొదటి యుద్ధంలో జర్మన్ సైన్యంలో చేరాడు, మెడల్స్ వచ్చాయి, చివర్లో గ్యాస్ తగిలి ఆసుపత్రిలో ఉండగా జర్మనీ ఓడిపోయింది. సైన్యం ఓడలేదు, ఇంట్లోవాళ్ళే వెన్నుపోటు పొడిచారు, ముఖ్యంగా యూదులు, అని అప్పుడు చాలామంది అనేవాళ్ళు, అది పచ్చి అబద్ధం, సైన్యాధిపతులే చేతులెత్తేసి సంధి చేసుకోమన్నారు. 1919లో మ్యూనిక్‌లో ఒక చిల్లర పార్టీ మీటింగులో ఏం జరుగుతోందో చూసి రమ్మని సైన్యమే వీణ్ణి గూఢచారిగా పంపింది. వెళ్ళినవాడు అక్కడే లేచి మాట్లాడాడు, వాళ్ళు చేరమన్నారు, చేరాడు. మెంబర్‌షిప్ నంబరు 555, అంటే ఐదొందల మంది ఉన్నారనుకునేరు, పార్టీ పెద్దగా కనబడాలని నంబర్లు 501 నుంచి మొదలెట్టారు! ఇప్పుడు ఫాలోవర్లని కొనుక్కుంటారే, అలాంటిదే.

1923లో జర్మనీలో డబ్బు చిత్తుకాగితమైంది, నవంబర్‌కి ఒక డాలరు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు. ఆ నెల్లోనే మ్యూనిక్ బీరుహాల్లో తుపాకీ పేల్చి తిరుగుబాటు చెయ్యబోయి ఒక్క రోజులో బోర్లాపడ్డాడు. దేశద్రోహం కేసు, పైగా ఆస్ట్రియా వాడు, దేశం నుంచి పంపించెయ్యాల్సింది. జడ్జీలకి వాడంటే జాలి. ఐదేళ్ళ శిక్ష వేసి తొమ్మిది నెలలు కూడా సరిగ్గా ఉంచకుండా వదిలేశారు. నన్నడిగితే మొదటి తలుపు తీసింది ఆ కోర్టే.

అయినా 1928 ఎలక్షన్లలో 2.6 శాతం ఓట్లే, జనం పట్టించుకోలేదు. తర్వాత ఏడాది అమెరికా మార్కెట్ కూలింది, అమెరికా అప్పుల మీద నడుస్తున్న జర్మనీ దాంతో పాటే కూలింది, 1932కి 60 లక్షలమందికి ఉద్యోగాల్లేవు. అప్పుడు వీడి పార్టీకి 1930లో 18 శాతం, 1932 జూలైలో 37 శాతం. ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోండి, స్వేచ్ఛగా జరిగిన ఎలక్షన్లలో వాడికి వచ్చిన మాక్సిమం అంతే. మెజారిటీ ఎప్పుడూ రాలేదు. ప్రెసిడెంట్ ఎలక్షన్లో అప్పటికే ఆ పదవిలో ఉన్న ముసలి హిండెన్‌బర్గ్ చేతిలో ఓడిపోయాడు కూడా. 1932 నవంబర్‌లో 33కి పడిపోయాడు, పార్టీ ఖజానా ఖాళీ. పోయాడురా బాబూ అని చాలా పేపర్లు రాశాయి.

సరిగ్గా అప్పుడు ఫాన్ పాపెన్ అనే పెద్దమనిషి దిగాడు. జమీందారీ టైపు, ప్రధాని పదవి పోయిన కచ్చలో ఉన్నాడు, తన పదవి ఊడగొట్టి తానే ప్రధాని అయిన ష్లైకర్‌ని దింపడమే పని. 1933 జనవరి 4న కొలోన్‌లో ఒక బ్యాంకరు ఇంట్లో హిట్లర్‌తో రహస్యంగా మంతనాలాడాడు. హిట్లర్‌ని ఛాన్సలర్ని (జర్మనీలో ప్రధానిని అలాగే అంటారు) చేద్దాం, నేను వైస్ ఛాన్సలర్ని, క్యాబినెట్లో వాడి మనుషులు ఇద్దరే, మిగతావాళ్ళంతా మనవాళ్ళే, వాణ్ణి గంగిరెద్దులా ఆడిద్దాం అని లెక్క వేసుకున్నాడు. రెండు నెలల్లో వాణ్ణి మూలకి నెట్టేస్తాం చూడండని స్నేహితులతో గొప్పలు కూడా పోయాడు. మొదట్నుంచీ హిట్లర్ అంటే గిట్టని హిండెన్‌బర్గ్ కూడా మెత్తబడి జనవరి 30న ప్రమాణం చేయించాడు.

ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో చూడండి. ఫిబ్రవరి 27న పార్లమెంటు బిల్డింగు తగలబడింది, మర్నాడే ఒక ఆర్డరుతో మాట్లాడే హక్కు, సభ పెట్టుకునే హక్కు, విచారణ లేకుండా జైల్లో పెట్టకూడదనే హక్కు, అన్నీ పోయాయి. మార్చి 22న డాఖావ్‌లో ప్రత్యర్థుల్ని బంధించే క్యాంపు తెరిచారు. పార్లమెంటు తగలబడింది కాబట్టి మార్చి 23న క్రోల్ ఆపెరా హౌస్‌లో సభ పెట్టారు, వరండాల్లో, హాలు గోడల వెంబడి గోధుమరంగు చొక్కాల హిట్లర్ మనుషులు నిలబడి గదమాయిస్తున్నారు. బిల్లు ఏమిటంటే ఇకమీదట చట్టాలు క్యాబినెట్టే చేసుకుంటుంది, పార్లమెంటు అక్కర్లేదు. కమ్యూనిస్టు ఎంపీల్ని అసలు రానివ్వలేదు, జైల్లోనో పరారీలోనో ఉన్నారు. ఓట్టో వెల్స్ అనే సోషల్ డెమొక్రాట్ నాయకుడు ఒక్కడే లేచి, మా ప్రాణాలు తీసుకోగలరు, స్వేచ్ఛ తీసుకోగలరు, మా గౌరవం తీసుకోలేరు అని మాట్లాడి కూర్చున్నాడు. 444 మంది అవునన్నారు, 94 మంది కాదన్నారు, ఆ 94 మందీ ఆయన పార్టీ వాళ్ళే. మిగతా పార్టీల వాళ్ళు హామీలు నమ్మి కొందరు, వణికి కొందరు, తమ సభకి తామే తాళం వేసుకున్నారు. జూలైకి వాడి పార్టీ తప్ప అన్ని పార్టీలూ రద్దు. పాపెన్‌గారి గంగిరెద్దు సంగతి అదీ. జర్మనీలో ఆటోబాన్ అనే పెద్ద రోడ్లు వేసింది హిట్లరే అంటారు కదా, కొలోన్, బాన్ మధ్య అలాంటి రోడ్డు 1932లోనే ఓపెన్ చేశారు, వాడు రాకముందు.

జపాన్‌ది వేరే కథ, అక్కడ అలాంటి పార్టీ లేదు, ఉపన్యాసాలు లేవు. సైన్యమే కొంచెం కొంచెంగా ప్రభుత్వాన్ని మింగేసింది. 1931లో చైనాలోని మంచూరియాలో ఉన్న జపాన్ సైన్యాధికారులు టోక్యోని అడక్కుండా తామే రైలు పట్టాల దగ్గర బాంబు పెట్టి, చైనావాళ్ళు పెట్టారని చెప్పి, ఆ ప్రాంతాన్నే ఆక్రమించేశారు. 1932 మే 15న కుర్ర నేవీ ఆఫీసర్లు ప్రధాని ఇనుకాయ్ ఇంట్లో చొరబడ్డారు, ఆ ముసలాయన కూర్చోండి, మాట్లాడుకుందాం అన్నాడు, కాల్చేశారు. కోర్టులో ఆ హంతకుల కోసం జనం లక్షలకొద్దీ అర్జీలు పెట్టుకున్నారు, తేలిక శిక్షలతో వదిలారు. చూశారా, ఇక్కడా కోర్టే. 1936 నుంచి ఇంకో రూలు, యుద్ధమంత్రి సర్వీసులో ఉన్న జనరలే అయ్యుండాలి, అంటే సైన్యం మనిషిని ఇవ్వనంటే క్యాబినెట్టే పడిపోతుంది.

టోజో అలాంటి సైన్యంలో ఫైళ్ళు దిద్దుకుంటూ పైకొచ్చినవాడు, జనరల్ కొడుకు, పనిమంతుడు, రేజర్ అని పేరు. ఒక్క ఎలక్షన్లో నిలబడలేదు. 1941 అక్టోబర్‌లో ప్రధాని కొనోయే రాజీనామా చేస్తే చక్రవర్తి సలహాదారు కిదో ఇతన్నే సిఫారసు చేశాడు, ఎందుకో తెలుసా, సైన్యాన్ని అదుపులో పెట్టగలిగేది ఇతనొక్కడేనని! రెండు నెలలు తిరక్కుండానే అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి.

ఇది మనకెందుకు అనుకునేరు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసినవి జపాన్ విమానాలే, అప్పుడు అక్కడ ప్రధాని ఈ టోజోయే. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరిగెట్టారని మా అమ్మ చెప్పేది. అమ్మలూ, నువ్వు అడుగుతావని తెలుసు, నేతాజీ వీళ్ళతో కలిశాడు కదా అని. కలిశాడు, 1942లో హిట్లర్‌ని, 1943లో టోజోని. శత్రువుకి శత్రువు అనే లెక్కతో వెళ్ళాడు. హిట్లర్ మాత్రం తన పుస్తకంలో ఇండియా ఇంకెవరి చేతుల్లోకో పోవడం కంటే ఇంగ్లీషువాళ్ళ చేతుల్లో ఉండడమే ఇష్టమని రాసుకున్నవాడు. జపాన్ సైన్యమైతే అండమాన్‌లో మనవాళ్ళనే గూఢచారులని హింసించి చంపింది. నేతాజీ ధైర్యం మీద నాకు గౌరవం, ఆ స్నేహం మీద లేదు. మీ తాతయ్యా నేనూ దీని మీద చాలాసార్లు పోట్లాడుకున్నాం.

ముగ్గురూ ఎలా పోయారో మీకు తెలిసే ఉంటుంది. ముస్సోలినీని 1945 ఏప్రిల్ 28న కాల్చి మర్నాడు మిలాన్‌లో తలకిందులుగా వేలాడదీశారు, హిట్లర్ ఏప్రిల్ 30న బంకర్లో కాల్చుకున్నాడు, టోజో కాల్చుకుని బతికి 1948 డిసెంబర్‌లో ఉరికంబం ఎక్కాడు. తలుపులు తీసినవాళ్ళ గురించి మాత్రం మీ పుస్తకాల్లో ఉండదు. ఇటలీ రాజు 1946లో గద్దె దిగాడు, నెల తిరక్కుండానే జనం ఓటేసి రాచరికాన్నే తీసేశారు, ఈజిప్టులో పోయాడు. కిదోకి యావజ్జీవ శిక్ష పడింది గానీ 1950ల్లోనే బయటికొచ్చాడు. పాపెన్‌ని న్యూరెంబర్గ్ కోర్టు నిర్దోషి అంది, తర్వాత జర్మన్ కోర్టు లేబర్ క్యాంపు శిక్ష వేసినా 1949కల్లా బయటపడ్డాడు, జ్ఞాపకాలు రాసుకున్నాడు, 89 ఏళ్ళు బతికి 1969లో పోయాడు.

స్టాలిన్ గురించి చిన్నూ అడిగింది ఇంకో ఉత్తరంలో రాస్తా, అది దీనికంటే పెద్దది. ఆ ఫార్వర్డ్ పంపినవాడికి ఇది పంపుతావో లేదో నీ ఇష్టం.

మీ
అమ్మమ్మ