కిలోల లెక్క, మొలకల లెక్క

ఎరువుల కొట్టులో పశుగ్రాసం విత్తనం కొనే రైతు అడిగేది ఒకటే మాట: “ఎకరానికి ఎన్ని కేజీలు పడతాయండి?” కొట్టాయన ఠక్కున అంకె చెప్పేస్తాడు. జొన్నకు 10-12, బొబ్బర్లకు 12-16, మొక్కజొన్నకు 20 పైన. ఈ అంకెల్లో తప్పేం లేదు. సిఫార్సు పట్టికల్లో ఉండేవీ ఇంచుమించు ఇవే. కాకపోతే ప్రతి అంకె వెనకా కొన్ని షరతులుంటాయి. దుక్కి మెత్తగా ఉండాలి, గింజ బతికి ఉండాలి, చల్లాక పదును అందాలి. షరతు మారితే అంకె కూడా మారాలి. కొట్టు దగ్గర ఆ షరతుల ఊసు ఎవరూ ఎత్తరు.

షరతు మారితే అంకె ఎంత మారుతుందో డెల్టా రైతుకు మినుము ఎప్పుడో నేర్పింది. మెట్టలో దున్ని విత్తితే ఎకరానికి 6-8 కిలోలు చాలు. అదే మినుము సార్వా (ఖరీఫ్) వరి తర్వాత మాగాణిలో చల్లాలంటే 16-18 కిలోలు కావాలి. విత్తనం అదే, రేటు మాత్రం రెట్టింపు. మాగాణిలో దుక్కి ఉండదు. కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, బురద పదును మీద గింజ చల్లేస్తారు. దాని మీద మట్టి కప్పేదేమీ ఉండదు. కొన్ని గింజలు వరి దుబ్బుల మధ్య ఇరుక్కుంటాయి, కొన్ని నీళ్లు నిలిచిన పల్లంలో కుళ్లిపోతాయి, కొన్ని పిట్టల పాలవుతాయి. మొలిచినవి కూడా నేలలో మిగిలిన తేమ మీదే బతకాలి కాబట్టి మొక్క పెద్దగా కొమ్మలు వేయదు. అందుకే మొక్కలే ఎక్కువ ఉండాలి. పశువుల మేతకు వేసే పిల్లిపెసర, జనుము కూడా మన దగ్గర ఇలాగే వరిలో చల్లుతారు కాబట్టి వాటికీ ఇదే తర్కం. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి. వాటి చక్రాల కింద మొలకలు నలిగిపోతున్నాయని చాలామంది కోత అయ్యాకే చల్లుతున్నారు. అప్పటికి పైపదును కొంత ఆరిపోయి ఉంటుంది. మళ్లీ షరతు మారినట్టే కదా.

అసలు కిలో అనేదే ఇక్కడ సరైన కొలత కాదు. మేతకు వేసే ఆఫ్రికన్ టాల్ రకం మొక్కజొన్న గింజలు వెయ్యి తూస్తే సుమారు 300 గ్రాములు. అంటే కిలోకు 3,300 గింజలు. లూసర్న్ అనే పప్పుజాతి మేత మొక్క గింజలు వెయ్యి కలిపినా 2 గ్రాములే, కాబట్టి కిలోకు 5 లక్షలు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. కిలో మొక్కజొన్నను ఎకరమంతా సమంగా చల్లితే చదరపు మీటరుకు ఒక్క గింజ కూడా రాదు. కిలో లూసర్న్ చల్లితే 120 పైన వస్తాయి. అలా చూస్తే 20 కిలోల మొక్కజొన్న మీటరుకు 16 గింజలు, 8 కిలోల లూసర్న్ దాదాపు వెయ్యి గింజలు. బరువులో తక్కువగా కనిపించే లూసర్న్ మొలకల లెక్కలో 60 రెట్లు ఎక్కువ.

మీటరుకు వెయ్యి మొక్కలు ఏ నేలా భరించలేదు, అవసరమూ లేదు. చిన్న గింజలు మొలిచే దశలోనే పెద్ద సంఖ్యలో పోతాయి కాబట్టి అన్ని వేస్తారు. సగం నిలబడితే గొప్ప, మూడో వంతు మిగిలినా పైరు కుదిరినట్టే. పెళ్లికి కార్డులు పంచేవాళ్లు వచ్చే జనాన్ని లెక్కేసి బియ్యం పోస్తారు. ఇక్కడ వచ్చే మొక్కల్ని లెక్కేసి గింజలు పోయాలి.

అయితే ఎక్కువ చల్లితే ఎక్కువ మేత వస్తుందా? ఈ ప్రశ్నను ఆస్ట్రేలియాలో సి. ఎం. డోనాల్డ్ అనే శాస్త్రవేత్త పరీక్షించి 1951లో ఫలితాలు ప్రకటించాడు. సబ్‌టెరేనియన్ క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్కను ఎంతో పలచగా మొదలుపెట్టి విపరీతమైన ఒత్తు వరకు రకరకాలుగా పెంచాడు. మొదట్లో ఒత్తుగా ఉన్న మడే ముందుంది. రోజులు గడిచేకొద్దీ పలచటి మళ్లు అందుకున్నాయి. చివరికి ఒక స్థాయి దాటిన మళ్లన్నిటిలో దిగుబడి దాదాపు ఒకటే. మొక్కలు ఎక్కువైన చోట ఒక్కో మొక్క చిన్నదైంది, తక్కువ ఉన్న చోట ప్రతిదీ కొమ్మలు వేసి చోటు నింపుకుంది. ఎండ, నీరు, నత్రజని పరిమితంగా ఉంటే మేత బరువుకు కూడా ఒక పైకప్పు ఉంటుంది. విత్తనం పెంచి ఆ కప్పును ఎత్తలేం.

అలాగని పలచగా వేసి ఊరుకుంటే మూడు నష్టాలున్నాయి. మొదటిది కలుపు. డెల్టా మాగాణిలో ఖాళీ కనిపిస్తే ఊద, తుంగ క్షణం ఆగవు. రెండోది సమయం. ఒకే కోతతో ముగిసే పైరు ఆ ఖాళీని నింపుకునేలోపే కోత వచ్చేస్తుంది. మూడోది పశువు నోరు. పలచగా పెరిగిన జొన్న కాడ బొటనవేలంత లావెక్కుతుంది. గేదె ఆకులు లాక్కుని కాడలు గాట్లో వదిలేస్తుంది. ఒత్తుగా ఉంటే కాడ సన్నబడి, ఆకు వాటా పెరిగి, మేత దాదాపు అంతా లోపలికి పోతుంది. గింజ కోసం వేసే జొన్న కన్నా మేత జొన్నకు రెండు మూడు రెట్ల విత్తనం చెప్పడానికి అసలు కారణం ఇదే. మరీ ఎక్కువైతే చిన్న గాలికి కూడా పడిపోతుంది, అది వేరే తలనొప్పి.

ఇక గింజలో ప్రాణం సంగతి. సంచి లేబుల్ మీద స్వచ్ఛత శాతం, మొలక శాతం అని రెండు అంకెలుంటాయి. ఆ రెంటినీ గుణిస్తే బతికున్న అసలు విత్తనం ఎంతో తేలుతుంది. స్వచ్ఛత 95, మొలక 70 అయితే కిలోలో పనికొచ్చేది 665 గ్రాములే. 10 కిలోల బతికిన విత్తనం కావాలంటే 15 కిలోలు చల్లాలి. చవగ్గా వచ్చిందని కొన్న విడి విత్తనం చాలాసార్లు ఈ గుణకారంలో ఖరీదైపోతుంది.

లేబుల్ లేని విత్తనమైతే ఇంట్లోనే చూసుకోవచ్చు. తడిపి పిండిన గోనెసంచి ముక్క మీద 100 గింజలు వరసగా పేర్చి, చాపలా చుట్టి నీడన పెట్టండి. బొబ్బరైనా జొన్నయినా వారంలోపు తేలిపోతుంది, గడ్డి జాతులకు రెండు వారాలు పడుతుంది. విప్పినప్పుడు మొలవని గింజల్ని పారేయకండి, వేలితో నొక్కి చూడండి. మెత్తగా నలిగి బూజు వాసన వస్తే అది చచ్చిన గింజ. నీళ్లలో ఇన్నాళ్లున్నా రాయిలా గట్టిగానే ఉంటే అది బతికే ఉంది, పైతోలు నీటిని లోపలికి రానివ్వడం లేదంతే. స్టైలో, హెడ్జ్ లూసర్న్ అనే మేత మొక్కల్లో, సుబాబుల్‌లో ఈ రాయి గింజలు ఎక్కువ. వీటికి విత్తనం రేటు పెంచడం శుద్ధ దండగ. సుమారు 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలుంచి, చల్లటి నీళ్లలో ముంచి ఆరబెడితే చాలావరకు మొలుస్తాయి. మరిగే నీళ్లలో వదిలేస్తే మాత్రం గుగ్గిళ్లే.

గినీగడ్డిది ఇంకో తంటా. కంకిలో గింజలు ఒకేసారి పండవు. పండినవి రాలిపోతుంటే పక్కన పచ్చివి ఉంటాయి. కోసి దులిపిన విత్తనంలో తాలు బోలెడు. కోనసీమ కొబ్బరితోటల నీడలో ఇది చక్కగా పెరుగుతుంది కానీ విత్తనం కన్నా వేరు పిలకలు నాటుకోవడమే నయం. నేపియర్‌కైతే విత్తనం ప్రశ్నే లేదు, ఆ గడ్డి కాడను రెండు కణుపుల ముక్కలు చేసి లెక్కపెట్టుకోవాలి. రెండడుగుల ఎడంతో ఎకరానికి సుమారు 10,900 పడతాయి. ఇంటి వెనక పది సెంట్ల మడికి దాదాపు 1,090.

నేలను బట్టి కూడా రేటు కదులుతుంది. గోదావరి లంకల్లో ఇసుక కలిసిన ఒండ్రు నేల పొడిపొడిగా విరుగుతుంది, నీరు నిలవదు. అక్టోబరు, నవంబరుల్లో లూసర్న్ వేయడానికి అనువైనది. ఇక్కడ సిఫార్సులో తక్కువ అంకె చాలు. నల్ల బంకమట్టి మాగాణిలో పెళ్లలు లేస్తాయి, తడిసి ఆరితే పైన అట్ట కడుతుంది. లూసర్న్ గింజలో ఉన్న ఆహారం ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టిని నెట్టుకుని రావడానికే సరిపోతుంది. పెళ్లల కింద మూడు సెంటీమీటర్ల లోతున పడ్డ గింజ మొలిచినా పైకి రావడం కష్టం. అలాంటి చోట విత్తనం రెట్టింపు చేయడం కన్నా ఆ డబ్బుతో ఇంకో చాలు దున్ని చదును చేయించడమే మంచిదని నా లెక్క. చిన్న గింజను నాలుగైదు రెట్ల పొడి ఇసుకతో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లితే సమంగా పడుతుంది.

జొన్న, బొబ్బర కలిపి వేసేవాళ్లు రెండింటి పూర్తి రేట్లనూ కలిపేస్తుంటారు. జొన్న వేగంగా ఎదిగి పైనుంచి నీడ కప్పేస్తుంది. కింద బొబ్బర పాలిపోయి, కోతనాటికి పేరుకు మాత్రమే మిగులుతుంది. మాంసకృత్తుల కోసమే బొబ్బర వేసినప్పుడు తగ్గించాల్సింది జొన్నను. రెండు సాళ్లు జొన్న, ఒక సాలు బొబ్బర చొప్పున విడిగా విత్తితే దానికి వెలుతురు దక్కుతుంది.

విత్తిన మూడు వారాలకు మీటరు పొడవున్న నాలుగు కర్రలు చతురస్రంగా కట్టి, మడిలో నాలుగైదు చోట్ల పడేసి మొక్కలు లెక్కపెట్టండి. జొన్న మీటరుకు 50-60 ఉంటే ఢోకా లేదు. అందులో సగమే ఉంటే మధ్యలో మళ్లీ జొన్న గింజలు చల్లి లాభం లేదు, ముందు మొలిచినవి వెనకటి వాటిని తొక్కేస్తాయి. పెద్ద ఖాళీలున్న చోట మాత్రం గుంటకతో గీరి బొబ్బర్లు వేసుకోవచ్చు. దాళ్వా (రబీ) కాలమైతే ఈ నిర్ణయం త్వరగా తీసుకోవాలి, వేసవిలో కాలువలు కట్టేశాక తడి ఇవ్వడానికి బోరు ఉన్నవాళ్లకే వీలవుతుంది.