మూలుగ మార్పిడి: గుంటూరు పిల్లలకు వేలూరు దారి ఎలా పడింది

గుంటూరులో తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుక జబ్బు) ఉన్న పిల్లల తల్లుల మధ్య కాసేపు కూర్చుంటే ఈ మాట తప్పకుండా వినపడుతుంది: “వేలూరు తీసుకెళ్లి చూపించారా అమ్మా?” మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే పిల్లవాడు, సూది కదలకుండా చేతికి అట్టముక్క కట్టించుకుని, ఆ మాటలు వింటూనే పెరుగుతాడు. వేలూరు వెళ్లేది మూలుగ మార్పిడి కోసం: దాత మూలుగ కుదురుకుంటే ఇలా రక్తం ఎక్కించుకునే అవసరం తప్పవచ్చు.

1957లో అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ ఒకరి మూలుగను మరొకరికి ఎక్కించిన తొలి ప్రయత్నాలను ప్రకటించారు. ఆ రోగులు బతకలేదు. దాత, రోగి కణాల మీది హెచ్‌ఎల్‌ఏ గుర్తులు (తల్లిదండ్రుల నుంచి వచ్చేవి) కలవాలని తెలిశాక, 1968లో మినెసోటాలో అక్క మూలుగతో ఒక పసివాడు బతికాడు. మన దేశంలో 1983లో ముంబై టాటా ఆసుపత్రి మొదలుపెట్టింది. 1986లో వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో డాక్టర్ మామెన్ చాందీ బృందం అందుకుంది. అప్పటినుంచి మనవాళ్లకు విజయవాడలో రైలెక్కి వేలూరు పక్కనున్న కాట్పాడిలో దిగడం అలవాటైంది.

అందరూ ‘ఆపరేషన్’ అంటారు గానీ రోగికి కోత ఉండదు. దాత నుంచి తీసిన మూలకణాలను రక్తం ప్యాకెట్‌లాగే స్టాండుకు తగిలించి ఎక్కిస్తారు. అసలు గండం దానికి ముందు ఇచ్చే కీమోలో, తర్వాత కొత్త కణాలు రోగి ఒంటిమీదే తిరగబడటంలో ఉంది. అందుకే డిశ్చార్జి అయ్యాక కూడా కొన్ని నెలలు ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని ఉండాలి. మిర్చి యార్డులో రోజుకూలీ చేసే తండ్రికి మందుల బిల్లెంత భారమో, పని మానుకున్న ఆ నెలలూ అంతే భారం.

దాత సంగతి మరో చిక్కు. తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇద్దరు పిల్లల ఇళ్లలో ఆ ఆశ ఒక్కరి మీదే. మేనరికాలున్న కుటుంబాల్లో తలసీమియా ముప్పు ఎక్కువ. అదే మేనరికం వల్ల ఒక్కోసారి తల్లో తండ్రో మేనమామో పూర్తిగా సరిపోతారు కూడా. బయటి దాతల కోసం 2009లో చెన్నైలో ‘దాత్రి’ రిజిస్ట్రీ వచ్చింది. మార్పిడి తర్వాత మూడో, నాలుగో రోజున సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చే పద్ధతి వచ్చాక, సగమే సరిపోయే తల్లిదండ్రులూ దాతలవుతున్నారు. ఇటీవలి పెద్ద మార్పు నా లెక్కలో ఇదే.

మన దగ్గర ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రుల బోర్డుల మీద ఇప్పుడు ‘బోన్ మ్యారో’ అన్న మాట కనిపిస్తోంది. కొత్త కేంద్రాలు సాధారణంగా మైలోమా (మూలుగలో వచ్చే ఒక క్యాన్సర్) రోగులకు వాళ్ల కణాలనే తిరిగి ఎక్కించడంతో మొదలవుతాయి. తలసీమియా బిడ్డకు కావలసింది అన్న కణాలో నాన్న కణాలో. దానికి వడగట్టిన గాలి గదులు, రేడియేషన్ పట్టించిన రక్తం, ఏ రాత్రైనా దొరికే ప్లేట్‌లెట్లు, తర్ఫీదున్న నర్సులు కావాలి.

2017 నుంచి కోల్ ఇండియా పథకం అర్హులైన తలసీమియా పిల్లల మార్పిడికి 10 లక్షల దాకా ఇస్తోంది. కానీ ఎక్కించే రక్తం వల్ల కాలేయంలో ఇనుము పేరుకునే కొద్దీ మార్పిడి ఫలించే అవకాశం తగ్గుతుంది. అందుకే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చిన్నప్పుడే చేయించాలని నేను పట్టుబడతాను. ఒక తల్లి చూపించిన నోటు పుస్తకంలో ఆరేళ్లుగా రక్తం ఎక్కించిన ప్రతి తేదీ ఉంది, పక్కనే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ అంకె పెరుగుతూ ఉంది. బిడ్డ అన్నకు ఆ పరీక్ష చేయించమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.