ముందు చెయ్యి, తర్వాతే సౌండ్: ప్యాడ్స్ మొదలుపెట్టే పిల్లలకు ఉత్తరం

చి. చిన్నికి, చి. బాబికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

సెకండ్ హ్యాండ్‌లో ఆక్టాప్యాడ్, అంటే పుల్లలతో కొట్టే ఎనిమిది ప్యాడ్ల ఎలక్ట్రానిక్ డ్రమ్ పెట్టె, కొన్నామని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం. "వీళ్లు పొద్దస్తమానం సౌండ్లు మారుస్తూ కూర్చుంటున్నారన్నయ్యా, ఒక్క పాటకీ కుదురుగా వాయించింది లేదు" అని కూడా అన్నాడు. అందులో మీ తప్పేం లేదు. వందల సౌండ్లున్న పెట్టె చేతికొస్తే ఎవరైనా అదే చేస్తారు. కానీ ప్యాడ్స్‌లో అసలు పని సౌండ్ దగ్గర మొదలవదు, మీ చెయ్యి దగ్గర మొదలవుతుంది. ముందు ఆ ప్యాడ్‌ని మీ చేతికి తగ్గట్టు సర్దుకోవాలి. అదెలాగో రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారు, ఈ కాగితమైతే ప్యాడ్ పక్కన పెట్టుకోవచ్చు.

ఆ పెట్టెలో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. దెబ్బ ఎక్కడ పడిందో, ఎంత గట్టిగా పడిందో కనిపెట్టడం ఒకటి. దానికి తగ్గ సౌండ్ ఇవ్వడం రెండోది. 1985లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన మొదటి ఆక్టాప్యాడ్, దాని పేరు ప్యాడ్-8, మొదటి పని మాత్రమే చేసేది. ఎనిమిది రబ్బరు ప్యాడ్లు ఉండేవి, లోపల ఒక్క సౌండూ ఉండేది కాదు. వైరుతో వేరే డ్రమ్ మెషీన్‌కి కలిపితేనే మోగేది. సౌండ్లు లోపలే ఉన్నవి తర్వాత వచ్చాయి. మన ఆర్కెస్ట్రాల్లో విరివిగా కనిపించే ఎస్‌పీడీ-20 1998 నాటిది, అందులో 700 సౌండ్లు. చర్చిల్లో, పెళ్లి పందిళ్లలో, వినాయక చవితి స్టేజీల మీద మీరు చూసే ఉంటారు.

మీ ప్యాడ్‌ని లాప్‌టాప్‌కి కలపాలని బాబి ఆశ పడుతున్నాడట. కలపొచ్చు. వాయిద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని మిడి అంటారు. అయితే ఆ మిడి వైరులో సౌండ్ వెళ్లదని ముందు తెలుసుకోండి. హోటల్లో సర్వర్ వంటింట్లోకి ఆర్డర్ చీటీ పంపినట్టు, ప్యాడ్ ఒక చీటీ పంపుతుంది: ఏ ఛానల్ (ఏ వాయిద్యానికి), ఏ నోటు (ఏ సౌండో చెప్పే అంకె), ఎంత గట్టిగా. వంట చేసేది లాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్. దెబ్బ గట్టిదనాన్ని వెలాసిటీ అంటారు, అది 1 నుంచి 127 దాకా ఉంటుంది. ఒక్కో చీటీ వైరు దాటడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. 1983లో వచ్చిన ఈ పద్ధతికి రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కాకెహాషి, అమెరికన్ ఇంజనీరు డేవ్ స్మిత్ ముఖ్య కారకులు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ అవార్డు ఇచ్చారు. అప్పటి ప్యాడ్ ఇవాళ్టి లాప్‌టాప్‌తో కలిసి పని చేస్తోందంటే వీళ్ల చలవే.

ఇక కనెక్షన్లు. ముందు అడాప్టర్ చూడండి. సెకండ్ హ్యాండ్ వస్తువుతో పాటు వచ్చిన అడాప్టర్ దాని సొంతదే అని నమ్మకండి. వోల్టేజీ సరిపోతే చాలదు, పిన్నులో ప్లస్ లోపలా బయటా అన్నది కూడా కలవాలి. ప్యాడ్ వెనకాల, అడాప్టర్ మీద చిన్న గుండ్రని బొమ్మ గీసి ప్లస్, మైనస్ చూపిస్తారు. రెండు బొమ్మలూ ఒకేలా ఉండాలి. పాత ప్యాడ్లకి చాలావాటికి మధ్యలో మైనస్ ఉంటుంది, బజార్లో దొరికే అడాప్టర్లకి ఎక్కువగా మధ్యలో ప్లస్ ఉంటుంది. బొమ్మలు కలవకపోతే ప్లగ్గు పెట్టకుండా నాకు ఫోన్ చేయండి.

పాత ప్యాడ్‌కి యూఎస్‌బీ ఉండదు, అయిదు పిన్నుల గుండ్రటి మిడి సాకెట్ ఉంటుంది. దానికి యూఎస్‌బీ మిడి కేబుల్ విడిగా కొనాలి. ప్యాడ్ మీద "అవుట్" అని రాసి ఉన్న చోట కేబుల్ తాలూకు "ఇన్" ప్లగ్గు పెట్టండి. కొన్ని చవక కేబుళ్ల మీద పేర్లు తిరగేసి రాస్తారు, కాబట్టి ఏమీ రాకపోతే కంగారు పడకుండా రెండోది పెట్టి చూడండి. ఒక్కసారి కొడితే రెండుసార్లు మోగిందనుకోండి, ప్యాడ్ లోపలి సౌండూ లాప్‌టాప్ సౌండూ రెండూ వస్తున్నాయని అర్థం. ప్యాడ్‌లో "లోకల్" అనే సెట్టింగ్ ఉంటే ఆఫ్ చేయండి, లేదంటే ప్యాడ్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఛానల్ 10 పెట్టండి. చాలా సాఫ్ట్‌వేర్లలో డ్రమ్స్ అక్కడే ఉంటాయి. అందులో నోటు 36 అంటే బేస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు), 46 తెరిచినది. మిగతావి వాడుతూ ఉంటే అవే గుర్తుంటాయి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఇక్కడ తొందర పడకండి.

చాలా ప్యాడ్లలో రబ్బరు కింద బిళ్లంత సెన్సర్ ఉంటుంది. కొన్ని రకాల స్ఫటికాల మీద ఒత్తిడి పడితే కరెంటు పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. ఆ సూత్రంతో పని చేసే ఈ సెన్సర్‌నే పిజో అంటారు. మీరు గట్టిగా కొడితే వోల్టేజీ ఎక్కువ, మెల్లగా కొడితే తక్కువ. ఆ వోల్టేజీ చూసి యంత్రం 1 నుంచి 127 లోపు ఒక అంకె వేస్తుంది. అయితే మీకు మెల్లగా అనిపించింది దానికి మెల్లగా అనిపించాలనేం లేదు. బాబి దెబ్బ వేరు, చిన్ని దెబ్బ వేరు. ఇంతకు ముందు ఆ ప్యాడ్ వాడినాయన తన చేతికి సర్దుకుని ఉంటాడు. అందుకని మెనూలో సెన్సిటివిటీ, థ్రెషోల్డ్, కర్వ్, క్రాస్‌టాక్, మాస్క్ అనే పేర్లు వెతకండి. ఒక్కో మోడల్లో పేరు కాస్త మారొచ్చు, పని అదే.

లాప్‌టాప్‌లో వచ్చిన మిడిని అంకెల్లో చూపించే మానిటర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అది తెరవండి. సౌండ్ ఆపేయండి. ఒక ప్యాడ్ మీద గుసగుసలాడినట్టు కొట్టండి, మామూలుగా కొట్టండి, పాట చివర ముక్తాయింపులో కొట్టేంత గట్టిగా కొట్టండి. గుసగుస దెబ్బకే 70 వస్తోందంటే సెన్సిటివిటీ ఎక్కువైంది. మీకు మెల్లగా వాయించే చోటే మిగల్లేదు. చెయ్యి నొప్పి పుట్టేలా కొట్టినా 105 దాటట్లేదంటే తక్కువైంది. గుసగుసకి 20 నుంచి 30, మామూలు దెబ్బకి 70 నుంచి 90, గట్టి దెబ్బకి 120 పైన వచ్చేదాకా తిప్పండి. చివర్లు రెండూ బాగానే ఉండి మధ్య దెబ్బలు మాత్రం తేడాగా వస్తుంటే అప్పుడు కర్వ్, అంటే దెబ్బ బలాన్ని అంకెగా మార్చే తీరు, మార్చాలి. ముందే కర్వ్ జోలికి వెళ్తే ఎక్కడున్నారో మీకే తెలియదు.

థ్రెషోల్డ్ అంటే ఇంతకంటే చిన్న దెబ్బల్ని పట్టించుకోవద్దని యంత్రానికి చెప్పడం. ప్యాడ్‌ని ముట్టుకోకుండా స్టాండుని వేలితో తట్టండి. పక్కన ఎవరినైనా నేల మీద గట్టిగా అడుగేయమనండి. స్క్రీన్ మీద అంకె పడితే థ్రెషోల్డ్ కొంచెం పెంచండి. పడడం ఆగిన చోటే మీరూ ఆగిపోండి. ఇంకా పెంచారంటే గుసగుస దెబ్బలు పోతాయి. స్టేజీ మీద బేస్ స్పీకర్ పక్కనే ప్యాడ్ పెడితే దాని అదురుకి కూడా ప్యాడ్ మోగుతుంది, ఇంట్లో పెట్టిన అంకె అక్కడ చాలదు.

క్రాస్‌టాక్ దీనికి తోబుట్టువు. ఎనిమిది ప్యాడ్లూ ఒకే చట్రంలో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని కొడితే పక్కదానికీ అదురు వెళ్తుంది. బేస్ కొడితే పక్కన తాళం కూడా మోగిందంటే ఇదే. ఒక ప్యాడ్‌ని వరసగా గట్టిగా కొడుతూ పక్క ప్యాడ్ నోటు పడకుండా పోయేదాకా క్రాస్‌టాక్ పెంచండి. తర్వాత ఆ రెండింటినీ కలిపి ఒకేసారి కొట్టి చూడండి. చాలామంది ఈ రెండో పరీక్ష చేయరు. ఎక్కువ పెంచేస్తే మీరు నిజంగా కొట్టిన రెండో దెబ్బని కూడా అదురే అనుకుని మింగేస్తుంది.

మాస్క్ సంగతి క్లుప్తంగా చెబుతాను. పుల్ల పడ్డాక రబ్బరు మీద కాస్త ఎగురుతుంది, దానికి రెండో నోటు రాకుండా కొద్ది మిల్లీసెకన్లు ప్యాడ్ కళ్లు మూసుకోవాలి. నిమిషానికి 120 వేగంలో బీటుకి నాలుగు దెబ్బలు వేస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్య 125 మిల్లీసెకన్లు ఉంటాయి, ఎనిమిదేస్తే 62. కాబట్టి మాస్క్ పదికి అటూ ఇటూ ఉన్నా మీ "తరికిట" ఎక్కడికీ పోదు. ఎనభై పెడితే మాత్రం పోతుంది.

ఇవన్నీ అయ్యాక సేవ్ చేయండి. కొన్ని ప్యాడ్లలో సేవ్ చేయకుండా స్విచ్ ఆపితే అంతా పోతుంది. అంకెలన్నీ ఒక నోటుబుక్కులో కూడా రాసిపెట్టుకోండి. కొన్ని పాత యంత్రాల్లో జ్ఞాపకాన్ని కాపాడేది లోపలున్న చిన్న బ్యాటరీ, అది అయిపోతే నోటుబుక్కే దిక్కు.

ఇప్పుడు సౌండ్లు పెట్టుకోండి. ఎక్కువ కొట్టేవి మీకు దగ్గరి వరసలో, మధ్యలో ఉండాలి. క్రాష్ (గట్టిగా మోగే పెద్ద తాళం) లాంటివి పై వరసలో, చివర్లకి. మీరు భజన పాటలతో మొదలుపెడతారు కాబట్టి దగ్గరి వరసలో డోలక్ మందం వైపు దెబ్బ, సన్నం వైపు దెబ్బ, పక్కన తబలా, తాళం చాలు. పాటకో ప్యాచ్ (ఏ ప్యాడ్‌కి ఏ సౌండో అన్న అమరిక) చేసుకున్నా, బేస్ ఎప్పుడూ ఒకే ప్యాడ్ మీద ఉంచండి. స్టేజీ మీద చెయ్యి వెతుక్కోకూడదు. ప్యాడ్‌కి మీరు పుల్ల ఎత్తేశారో లేదో తెలియదు, అందుకని నోటు ఆపమనే చీటీని కొంత సేపటికి అదే పంపేస్తుంది. ఆ సమయం పేరు గేట్ టైమ్. డ్రమ్ సౌండ్లకి దీనితో పెద్దగా పని లేదు. తంబూర శ్రుతి లాంటిది ప్యాడ్ మీద పెట్టి, అది మధ్యలో తెగిపోతోందంటే అక్కడ చూడండి.

ఒక హద్దు కూడా చెప్పాలి. తబలాలో బాయ మీద అరచేయి జరుపుతూ "ఘే" అని సాగదీస్తారు, మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద గుమికి, అంటే గుమ్మని సాగే నాదం, ఇస్తారు. పుల్లతో కొట్టే ప్యాడ్‌లో అది రాదు. రికార్డు చేసిన గుమికిని ఒక ప్యాడ్ మీద పెట్టుకోవచ్చు గానీ ప్రతిసారీ అదే వినపడుతుంది. వేళ్లతో వాయించి, ఒత్తిడిని కూడా పట్టుకునేవి వేరే ఉన్నాయి, రోలాండ్‌దే హ్యాండ్‌సోనిక్ ఆ కోవలోది. 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో అకాయ్ తెచ్చిన ఎంపీసీ-60 నుంచి వస్తున్న పదహారు గళ్ల ప్యాడ్లు కూడా వేళ్లకే. వాటి మీద పుల్లలతో కొట్టకండి. మీ ఆక్టాప్యాడ్ మీద ఉంగరాలున్న వేళ్లతోనూ కొట్టకండి.

చిన్ని అడిగిందట, లాప్‌టాప్‌లో దెబ్బ ఆలస్యంగా ఎందుకు వినపడుతోందని. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నావేమో చూడమ్మా. వాటిలో సాధారణంగా సెకనులో పదో వంతో అంతకంటే ఎక్కువో ఆలస్యం ఉంటుంది, వాయించడానికి పనికిరావు. వైరుదే వాడు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో బఫర్, అంటే సౌండ్‌ని ఒక్కోసారి ఎంత ముక్కగా కూడబెట్టి పంపాలన్న అంకె, చూడు. శాంపిల్ రేటు (సెకనుకి సౌండ్‌ని ఎన్ని ముక్కలుగా కొలుస్తుందో) 44,100 మీద బఫర్ 512 ఉంటే దాదాపు 12 మిల్లీసెకన్లు, 128 ఉంటే మూడు. గాలిలో శబ్దం మీటరు దూరం రావడానికే సుమారు మూడు మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి 128 దగ్గర నీకు తేడా తెలియదు. లాప్‌టాప్ పాతదైతే టపటపమని చప్పుళ్లు వస్తాయి, అప్పుడు 256 పెట్టు.

వాయించడం గురించి ఒక్కటే అంటాను, కాస్త కటువుగానే. మన ఆర్కెస్ట్రాల్లో చాలామంది మొదటి పాట నుంచి చివరి పాట దాకా 127 మీదే కొడతారు. కొందరైతే వెలాసిటీ ఫిక్స్ చేసేసి ఎలా కొట్టినా ఒకేలా మోగేట్టు పెట్టుకుంటారు. పందిట్లో జనం గోలకి అది నడుస్తుంది గానీ, పాడేవాళ్లకి నరకం. మీరు ఆ బటన్ జోలికి వెళ్లకండి. పల్లవి ఒక ఎత్తులో, చరణం దానికంటే కిందుగా వాయించి, స్క్రీన్ మీద అంకెలు నిజంగా దిగాయో లేదో చూసుకోండి. చేయి దించానని మనకి అనిపిస్తుంది, అంకె దిగదు.

రాత్రిళ్లు సాధనకి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా పుల్ల చప్పుడు నేలలోంచి కింది వాటాలోకి దిగుతుంది. స్టాండు కింద పాత పరుపు ముక్క వేయండి. స్పీకర్‌కి కలిపినప్పుడు ప్యాడ్ ముందు ఆన్ చేసి, స్పీకర్ చివర్న ఆన్ చేయండి. ఆపేటప్పుడు స్పీకర్ ముందు. మీకు మోనో స్పీకరే కాబట్టి జాక్‌ని "ఎల్, మోనో" అని రాసిన దాంట్లో పెట్టండి.

సర్దడం అయ్యాక ఎనిమిది ప్యాడ్ల మీదా గుసగుస, మామూలు, గట్టి దెబ్బలకి వచ్చిన అంకెలు రాసి నాకు ఫోటో పంపండి. కుడి చెయ్యికీ ఎడమ చెయ్యికీ విడివిడిగా రాయండి, ఇద్దరివీ వేర్వేరు కాగితాల మీద. ఎడమ చెయ్యి ఎంత తక్కువ పడుతోందో చూశాక సాధన ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న