రెండేళ్ళ పిల్లాడు మోషన్ ఎందుకు బిగపట్టుకుంటాడు?

రెండు, రెండున్నరేళ్ళ పిల్లలున్న చాలా ఇళ్ళలో ఇది కనిపిస్తుంది. ఆడుకుంటున్న పిల్లాడు ఉన్నట్టుండి ఆట ఆపేస్తాడు. సోఫా వెనక్కో, కర్టెన్ చాటుకో పోతాడు. కాళ్ళు రెండూ దగ్గరగా బిగించి, మునివేళ్ళ మీద లేచి, చేతికి దొరికిందేదో గట్టిగా పట్టుకుంటాడు. మొహం ఎర్రబడుతుంది, నుదుట చెమట పడుతుంది. రెండు నిమిషాలయ్యాక ఏమీ జరగనట్టు వచ్చి మళ్ళీ బొమ్మలు తీసుకుంటాడు. ఇంట్లోవాళ్ళు "పాపం, ఎంత ముక్కినా రావట్లేదు" అనుకుంటారు.

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా చెల్లెలూ అలాగే అనుకుంది. "రోజుకి నాలుగైదుసార్లు ముక్కుతున్నాడక్కా, అయినా మూడు రోజులకోసారి కూడా రావట్లేదు. వచ్చినప్పుడు ఏడుపే ఏడుపు" అని ఫోన్‌లో చెప్పి, ఒక వీడియో పంపింది. అందులో వాడు బాల్కనీ గ్రిల్‌ని రెండు చేతులా పట్టుకుని, పిరుదులు బిగించి, మడమలు నేలకి ఆననీయకుండా నిటారుగా నిలబడి ఉన్నాడు. నిజంగా ముక్కే పిల్లలు మోకాళ్ళు మడుస్తారు, ముందుకి వంగుతారు, గొంతుక్కూర్చుంటారు. ఇలా కట్టెలా బిగుసుకుపోరు. వాడు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మోషన్‌ని లోపలే ఆపుకుంటున్నాడు. ఈ తేడా పట్టుకోకపోతే ఆ తర్వాత చేసే వైద్యమంతా తలకిందులవుతుంది.

మలద్వారం దగ్గర రెండు కండరాల కట్లు ఉంటాయి. లోపలి కట్టు మన మాట వినదు. పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలోకి మలం దిగి దాని గోడ సాగగానే, ఆ కట్టు తనంతట తానే వదులవుతుంది. అప్పుడే మనకి వెళ్ళాలనిపిస్తుంది. బయటి కట్టు మాత్రం మన అదుపులో ఉంటుంది. నడక వచ్చాక, సుమారు ఏడాదిన్నర నుంచి పిల్లలకి దాని మీద పట్టు చిక్కుతుంది. గట్టిగా బిగిస్తే ఆ కోరిక కాసేపటికి అణిగిపోతుందని తెలిసిపోతుంది. గతంలో ఒక్కసారి మోషన్ గట్టిగా వచ్చి, మలద్వారం అంచు చీరి, రక్తపు చార కనిపించేంత నొప్పి పడ్డ పిల్లాడికి ఇంతకంటే మంచి ఉపాయం ఏముంటుంది? నొప్పి వస్తుందనుకుంటే ఆపేస్తాడు. వాడి వయసుకి అది తెలివైన పనే.

కానీ పేగు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. పెద్దవాళ్ళ పెద్దపేగులోకి రోజుకి సుమారు లీటరున్నర ద్రవం చేరితే, మలంతో బయటికి పోయేది ఒకటి రెండు వందల మిల్లీలీటర్లే. మిగతాదంతా పేగు పీల్చేసుకుంటుంది. పిల్లల్లో కొలతలు చిన్నవి కావచ్చు, పని అదే. కాబట్టి ఈ రోజు ఆపుకున్నది రేపటికి ఇంకాస్త ఎండుతుంది, వెనక నుంచి కొత్తది వచ్చి చేరుతుంది, ముద్ద లావెక్కుతుంది. చివరికి అది బయటికి వచ్చే రోజున మళ్ళీ అంచు చీరుతుంది. పిల్లాడి భయం నిజమవుతుంది. తర్వాతిసారి ఇంకా గట్టిగా బిగపడతాడు. మలబద్ధకంతో బాధపడే పిల్లల్లో నూటికి 95 మందిలో వేరే జబ్బేదీ ఉండదు, ఉన్నదంతా ఈ చుట్టు తిరుగుడే.

ఇలా వారాలు గడిస్తే పురీషనాళం, వాడి వాడి వదులైపోయిన చెడ్డీ ఎలాస్టిక్‌లా, సాగిపోతుంది. అంత సాగిన గోడకి కొంచెం మలం వచ్చినా తెలియదు. వెళ్ళాలన్న కబురే సరిగా అందదు. ఈ దశలో కొందరిలో ఇంకో తమాషా జరుగుతుంది. లోపల ఇరుక్కున్న గట్టి ముద్ద పక్కల నుంచి పల్చటి మలం జారి చెడ్డీకి అంటుతూ ఉంటుంది. దాన్ని విరేచనాలనుకుని, మోషన్ కట్టే మందులు ఇచ్చేవాళ్ళున్నారు. పిల్లాడు కావాలనే పాడుచేసుకుంటున్నాడని కొట్టేవాళ్ళూ ఉన్నారు. అది వాడికి తెలియకుండా జరిగేది. దయచేసి ఆ విషయంలో పిల్లల్ని తిట్టకండి. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కడం వల్ల కొందరికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా వస్తుంటుంది.

ఎన్ని రోజులకోసారి వెళ్తే మలబద్ధకం అనాలి? ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలు సగటున రోజుకి ఒకటిన్నరసార్ల దాకా వెళ్తారు, కానీ రోజు విడిచి రోజు మెత్తగా, ఏడవకుండా వెళ్ళే పిల్లాడికీ ఏమీ లేనట్టే. పేగు ఇబ్బందుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్ నాలుగో ప్రమాణాల ప్రకారం వారానికి రెండు లేదా అంతకన్నా తక్కువసార్లు వెళ్ళడం, బిగపట్టుకోవడం, గట్టిగా నొప్పితో రావడం, లావుపాటి మలం రావడం, పురీషనాళంలో పెద్ద ముద్ద ఉండటం వంటి వాటిలో కనీసం రెండు, నెల రోజులుగా ఉంటే మలబద్ధకం అంటారు. అసలు రోజుల లెక్కకన్నా మోషన్ ఎలా వస్తుందో చూడటం మేలని నా అభిప్రాయం. మేకపెంటికల్లా వస్తే, రోజూ వస్తున్నా అది మలబద్ధకమే.

ఇది మొదలయ్యేది చాలావరకు మూడు సందర్భాల్లో. తల్లిపాలు, మెత్తటి తిండి నుంచి ఇంటి తిండికి మారేటప్పుడు ఒకటి. టాయిలెట్ అలవాటు చేసేటప్పుడు రెండోది. బడికి పంపేటప్పుడు మూడోది. బెంగళూరులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే మన తెలుగు ఇళ్ళలో చివరి రెండూ ఒకేసారి వచ్చిపడుతున్నాయి. రెండున్నరేళ్ళకే ప్లే స్కూల్, చేర్చుకోవాలంటే డైపర్ మానాలి, అక్కడి బాత్‌రూమ్ కొత్త, తీసుకెళ్ళే ఆయా కొత్త. వాడు పొద్దున తొమ్మిది నుంచి ఇంటికి వచ్చేదాకా ఆపుకుంటాడు. పండక్కి రాత్రి బస్సులో అనంతపురమో కడపో వెళ్ళొస్తే రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. జ్వరం వచ్చి తిండీ నీళ్ళూ తగ్గినా అంతే. ఎక్కడో ఒకచోట ఒక్కసారి గట్టిగా వస్తే చాలు, కథ మొదలవుతుంది.

ఇక ఇంటి వైద్యాలు. మా చెల్లెలి అత్తగారు "అమ్మాయ్, తమలపాకు తొడిమకి ఆముదం రాసి పెట్టు, చిటికెలో అవుతుంది" అన్నారు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. మలద్వారాన్ని తాకితే పేగు కదిలే ప్రతిచర్య ఉంది, అందుకే తొడిమైనా సబ్బు ముక్కైనా అప్పటికి పనిచేస్తుంది. కానీ మన ముందున్న సమస్య ఆ ఒక్క రోజు మోషన్ కాదు. ఎక్కడైతే నొప్పి పుడుతుందని వాడు వణికిపోతున్నాడో, సరిగ్గా అక్కడే ఇద్దరు పెద్దవాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుని ఏదో పెడితే ఆ భయం తగ్గుతుందా, పెరుగుతుందా? పైగా సబ్బు లోపలి పొరని మండిస్తుంది. పేరుకుపోయిన మలాన్ని తీసేయడానికి నోటితో ఇచ్చే మందు, మలద్వారం గుండా ఎక్కించే ఎనిమాకి దీటుగా పనిచేస్తుందని అధ్యయనాల్లో తేలింది. అందుకే ఇప్పుడు పిల్లల డాక్టర్లు ముందు నోటి మందే ఇస్తారు.

నెలకోసారి కడుపు కడగాలని ఆముదం తాగించే ఆచారం మనకి పాతదే. ఆముదం పేగులో విడిపోతే రిసినోలిక్ ఆమ్లం వస్తుంది. అది పేగు కండరాల మీద ఉండే ఒక గ్రాహకాన్ని తట్టి వాటిని గట్టిగా ముడుచుకునేలా చేస్తుందని 2012లో జర్మనీ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. అంటే అది మోషన్‌ని మెత్తబరచడం కన్నా పేగుని మెలిపెట్టి నెట్టేస్తుంది. పిల్లాడికి కడుపునొప్పి. ఏడుస్తున్నప్పుడు ముక్కు మూసి నోట్లో పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదమూ ఉంది. దీన్ని మాత్రం పూర్తిగా మానేయమనే చెబుతాను. ఏడాది లోపు పిల్లలకి తేనె కూడా ఇవ్వకూడదు, అందులో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే క్రిమి బీజాలు ఉండొచ్చు. రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్షని మెత్తగా నలిపి పెట్టడంలో తప్పేం లేదు. బేరి పండు ఇంకా నయం. అందులో సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది పూర్తిగా అరగక, నీటిని పేగులోనే పట్టి ఉంచుతుంది.

తిండి సంగతికొస్తే, ముందు పాలు చూడండి. అన్నం తినడం లేదని పొద్దున ఒక సీసా, మధ్యాహ్నం ఒకటి, పడుకునే ముందు ఒకటి, అర్ధరాత్రి లేస్తే ఇంకొకటి. ఒక అరలీటరు నందిని ప్యాకెట్ పిల్లాడొక్కడికే అయిపోతుంది, రెండోది తెరుస్తారు. పాలలో పీచు అన్నదే ఉండదు, కడుపు నిండాక అన్నం, కూర సహించవు. రోజుకి అరలీటరు దాటకుండా చూస్తే చాలామందికి ఆకలి దానంతటదే తిరిగొస్తుంది. కొద్దిమందికి ఆవుపాల ప్రొటీనే పడదు. 1998లో ఇటలీలో, మందులకి లొంగని మలబద్ధకం ఉన్న 65 మంది చిన్నపిల్లలకి ఆవుపాలు ఆపి సోయా పాలు ఇస్తే 44 మందికి తగ్గింది. అలాగని మనంతట మనం పాలు పూర్తిగా మాన్పించకూడదు, ఆ పరీక్ష డాక్టర్ చెప్పినట్టు రెండు నుంచి నాలుగు వారాలు చేయాలి.

రెండోది రాగి. రాయలసీమ వాళ్ళకి సంగటి, కర్ణాటకవాళ్ళకి ముద్ద, రెండిళ్ళకీ రాగి చుట్టమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. అయితే బెంగళూరులో చంటిపిల్లలకి పెట్టే రాగి సరి వేరు. మొలకెత్తిన రాగుల్ని ఎండబెట్టి, విసిరి, పల్చటి బట్టలో మళ్ళీ మళ్ళీ జల్లెడ పడతారు. చేతికి పౌడర్‌లా తగిలే ఆ పిండి ఆరేడు నెలల బిడ్డకి తేలిగ్గా అరుగుతుంది. కానీ బట్ట మీద మిగిలి, పారేసిన ఎర్రటి పొట్టులోనే పీచంతా పోయింది. రెండేళ్ళవాడికీ ఆ జల్లెడ పిండే పాలలో కాచి తాగిస్తూ "రాగి పెడుతున్నాం కదా" అనుకోవడంలో లాభం లేదు. వాడికి మామూలు రాగిపిండి సంగటి, పప్పులో ఉడికిన తోటకూర, హాప్‌కామ్స్ పండ్ల కొట్లో దొరికే బొప్పాయి, గింజలు తీసిన జామ పెట్టొచ్చు. నీళ్ళు దాహానికి తగినన్ని చాలు. అంతకుమించి బలవంతంగా తాగిస్తే అవి మూత్రంగా పోతాయే గానీ మోషన్ మెత్తబడదు. తిండి మార్పు ఇకముందు రాకుండా చూస్తుంది, అప్పటికే గట్టిపడి లోపల కూర్చున్న ముద్దని మాత్రం జామపండు కదిలించలేదు.

దానికి మందు కావాలి. మన దేశపు పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2018లో ప్రచురించిన మార్గదర్శకాల్లో మొదటి మందు పాలిఇథిలిన్ గ్లైకాల్. ఇది నీళ్ళలో కలిపే పొడి. ఒంట్లోకి దాదాపు ఇంకదు, నీటిని పట్టుకుని పేగు పొడవునా ప్రయాణించి మలంతో పాటే బయటికి పోతుంది. ఏడాది లోపు పిల్లలకి లాక్టులోజ్ సిరప్ ఇస్తారు. ముందు కొద్దిరోజులు ఎక్కువ మోతాదుతో పేరుకున్నదంతా ఖాళీ చేయించి, తర్వాత రోజూ మెత్తగా వచ్చేంత మోతాదు కొనసాగిస్తారు. బరువుని బట్టి ఎంతో డాక్టరే చెప్పాలి.

డాక్టర్ దగ్గరికి వెంటనే తీసుకెళ్ళాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పుట్టాక మొదటి 48 గంటల్లో నల్లటి తొలి మలం రాకపోవడం, నెల లోపే మలబద్ధకం మొదలవడం, పచ్చటి వాంతులు, కడుపు బాగా ఉబ్బడం, బరువు పెరగకపోవడం, కాళ్ళలో బలం లేకపోవడం, నడుము కింద గుంటో వెంట్రుకల కుచ్చో ఉండటం. సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరికి పేగు చివర నరాల కణాలే ఉండవు. 1886లో డెన్మార్క్ పిల్లల వైద్యుడు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ వివరించిన ఆ జబ్బుకి ఆపరేషనే దారి.

మందుతో పాటు పీట. మన పాత దొడ్లలో గొంతుక్కూర్చుంటే తొడలు పైకి మడిచినప్పుడు పురీషనాళాన్ని ముందుకి లాగి పట్టుకునే ఒక కండరం వదులై, దారి తిన్నగా అవుతుంది. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉన్నవి వెస్టర్న్ కమోడ్లే. దాని మీద రెండేళ్ళవాణ్ణి కూర్చోబెడితే కాళ్ళు గాల్లో వేలాడతాయి, పడిపోతాననే భయంతో వాడు తొడలు బిగిస్తాడు. ఇంక ఏం వస్తుంది? చిన్న సీటు వేసి, మోకాళ్ళు నడుము కన్నా కొంచెం పైకి వచ్చేలా పాదాల కింద పీట వేయాలి. భోజనం కడుపులో పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది కాబట్టి టిఫిన్, రాత్రి అన్నం అయ్యాక ఐదు నిమిషాలు కూర్చోబెడితే ప్రకృతే సాయం చేస్తుంది. ఫోన్ ఇవ్వకండి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. రాకపోతే లేపేయండి. అసలు కమోడ్ చూస్తేనే ఏడ్చే పిల్లాడికి టాయిలెట్ అలవాటు కొన్నాళ్ళు పక్కన పెట్టి, మళ్ళీ డైపర్ వేయడమే మంచిది. ముందు నొప్పి పోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ తర్వాతే. వారం రోజులు మోషన్ మెత్తగా వచ్చేసరికి "రోజూ ఇస్తే మందుకి అలవాటు పడిపోతాడేమో" అన్న టెన్షన్‌తో ఆపేస్తారు. ఈ పొడి పేగుని బద్ధకంగా మార్చేది కాదు. అసలు బద్ధకించేది సాగిపోయి ఉన్న పురీషనాళం. అది తన పాత కొలతకి రావడానికి నెలలు పడుతుంది, నొప్పి జ్ఞాపకం పోవడానికీ అంతే. అందుకే కనీసం రెండు నెలలు మందు వాడమని, ఏ ఇబ్బందీ లేకుండా ఒక నెల గడిచాకే కొంచెం కొంచెంగా తగ్గించమని మార్గదర్శకాలు చెబుతాయి. పెద్ద నిపుణుల దాకా వెళ్ళాల్సి వచ్చిన పిల్లల్లో 6 నుంచి 12 నెలలకి మందు మానగలిగేది సుమారు సగం మందే. తగ్గించేటప్పుడు మోషన్ మళ్ళీ గట్టిగా వచ్చినా, పిల్లాడు మళ్ళీ సోఫా చాటుకి పోయినా, ఎదురుచూడకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి, పాత మోతాదు మళ్ళీ మొదలుపెట్టాలేమో అడగండి. మా చెల్లెలి కొడుక్కి ప్లే స్కూల్ సెలవులయ్యాక అలాగే జరిగింది. వాడు ఇప్పటికీ పావు మోతాదు మీద ఉన్నాడు, డాక్టర్ గారు ఇంకో నెల చూద్దామన్నారు.