తమ్ముడు రెప్పలతో చెప్పిన మొదటి మాట

ప్రియమైన పిల్లలకు,

మీలో ఎవరికైనా అన్నో అక్కో, తమ్ముడో చెల్లెలో ఇప్పుడు ఆస్పత్రిలో ఉండి ఉండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ, మీరు గదిలోకి రాగానే ఆపేస్తుంటారు. మీరేం చెయ్యాలో ఎవరూ చెప్పరు. నేనూ అలాంటి రోజులు గడిపాను. నాకప్పుడు 15 ఏళ్లు, తమ్ముడికి 12.

వాడికి వచ్చిన జబ్బు గిలాన్-బారే సిండ్రోమ్. 1916లో దాని గురించి రాసిన ముగ్గురు ఫ్రెంచి వైద్యుల్లో ఇద్దరి పేర్లు దానికి అలా నిలిచిపోయాయి. వాడికి ముందు మామూలు విరేచనాలే పట్టుకున్నాయి, తగ్గిపోయాయి కూడా. రెండు వారాల తర్వాత పాదాల్లో తిమ్మిరి మొదలైంది. మర్నాటికి మెట్లెక్కలేకపోయాడు. తర్వాత చేతులు పడిపోయాయి, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు. వారం తిరక్కుండా వెంటిలేటర్ మీద, అంటే ఊపిరి ఆడించే మెషీన్ మీద ఉన్నాడు.

తిమ్మిరి మొదలైన రోజు పొద్దున్నే నేను వాడితో పోట్లాడి మంచం మీంచి కిందకి తోశాను. దానివల్లే ఇలా అయిందని చాలా రోజులు నమ్మాను. ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక డాక్టరుగారిని అడిగేశాను. ఆయన నవ్వలేదు, కూర్చోబెట్టి చెప్పారు. క్రిములతో పోరాడాల్సిన మన ఒంటి సైన్యం ఒక్కోసారి పొరబడి సొంత నరాల మీదే పడుతుందట. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరానికీ ఒక పొర ఉంటుంది. అది దెబ్బతింటే మెదడు పంపిన ఆజ్ఞ కండరానికి చేరదు. తోసినందుకూ తిట్టినందుకూ రాదు, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. మీ మనసులో కూడా అలాంటి భయం ఏదైనా ఉంటే ఇవాళే ఎవరినైనా అడిగెయ్యండి.

ఐసీయూలోకి వెళ్లే ముందు చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క 40 నుంచి 60 సెకన్లు. మీకు జలుబు ఉంటే ఆ రోజు వెళ్లకండి. లోపల గొట్టాలు, తీగలు, ఆగకుండా కూతపెట్టే మెషీన్లు ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు కాళ్లు వణికాయి. మీకూ వణకొచ్చు, తప్పేం లేదు.

వెంటిలేటర్ గొట్టం గొంతులో ధ్వని పుట్టించే స్వరతంత్రుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి వెళ్తుంది. అందుకే మాట రాదు. కానీ ఈ జబ్బులో సాధారణంగా తెలివి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. తమ్ముడికి అన్నీ వినపడుతున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి. ఆ సంగతి మాకు చెప్పింది ఒక నర్సు. వాడి తలగడ పక్కన నిలబడి వాడి గురించే ఏడుస్తున్న మమ్మల్ని ఆపి, "వాడితో మాట్లాడండి" అంది. రెప్పలు కదుపుతున్నాడు కదా, వాటినే వాడుకోమంది.

ఆ రాత్రి నేనొక అట్ట మీద క వరస, చ వరస, ట, త, ప, య వరసలు పెద్ద అక్షరాలతో రాశాను. అచ్చులూ గుణింతాలూ వదిలేశాను. అవునంటే ఒకసారి గట్టిగా రెప్ప వెయ్యాలి, కాదంటే రెండుసార్లు. మర్నాడు వేలు పెట్టి అడగడం మొదలుపెట్టాను. క వరసా? కాదు. చ? కాదు. ట? కాదు. త? రెప్ప వేశాడు. త... థ... ద. మళ్లీ రెప్ప. తర్వాతి అక్షరం ర. ఆ తర్వాత మళ్లీ ద. ద-ర-ద. అలాంటి మాటే లేదు కదా అనుకున్నాం. వాడు ఏదో పెద్ద విషయం చెప్పబోతున్నాడని అమ్మ ఊపిరి బిగబట్టింది. నేను ఇంకోసారి చదివి, "దురదా?" అన్నాను. ఎంత గట్టిగా కళ్లు మూశాడో! చెంపా? కాదు. చెవా? కాదు. ముక్కా? అవును. వేలి కొసతో మెల్లగా గోకాను. ఎన్నాళ్లుగా ఆ దురద ఓర్చుకుంటూ పడుకున్నాడో! నేను రోజూ వాడి చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. తర్వాత అట్ట మీద తెలిసింది, ఆ చెయ్యి ముట్టుకుంటేనే వాడికి నొప్పి అని. ప్రేమతో చేసినా సరే, అడక్కుండా చేస్తే ఇలాగే అవుతుంది.

జబ్బు ముదిరేది సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. కోలుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. చాలామంది ఆరు నెలల్లో తమంతట తాము నడుస్తారు, కొందరికి ఏళ్లు పడుతుంది. నరం మీద పొర మళ్లీ పట్టాలి, ఇన్నాళ్లు పడుకుని కరిగిపోయిన కండ తిరిగి రావాలి. అందుకని ఏ జబ్బయినా సరే, ఇంటికొచ్చిన రోజే అంతా సర్దుకుందనుకోకండి. స్నానం చేస్తేనే అలసిపోయి పడుకునేవాడు మా వాడు. అది బద్ధకం కాదు.

ఇంటికొచ్చాక నేను చేసిన పెద్ద పొరపాటు చొక్కా గుండీల దగ్గర. వాడు తంటాలు పడుతుంటే చూడలేక నేనే చకచకా పెట్టేశాను. వాడు మొహం తిప్పుకున్నాడు. సాయంత్రం దాకా మాట్లాడలేదు. మర్నాడు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. మొదటి గుండీ జారిపోయింది. రెండోసారీ జారింది. నా వేళ్లు ఊరుకుంటేనా! నాలుగో ప్రయత్నానికి పట్టింది. అన్నీ అయ్యేసరికి 20 నిమిషాలు పట్టింది, పైగా ఒక గుండీ తప్పు కాజాలో పడింది. "సరిచెయ్యనా?" అన్నాను. "వద్దు, ఇలాగే ఉండనీ" అని ఆ వంకర చొక్కాతోనే రోజంతా తిరిగాడు, గోడ పట్టుకుని.

ఇక మీ సంగతి. వచ్చినవాళ్లందరూ వాడి గురించే అడుగుతారు. మీకు కోపం వస్తుంది, ఆ కోపం వచ్చినందుకు సిగ్గూ వేస్తుంది. నాకు రెండూ కలిగాయి. ఒక రోజు ఆస్పత్రి వరండాలో అమ్మతో, "నా లెక్కల పరీక్ష పోయింది, నువ్వు అడగనైనా అడగలేదు" అని ఏడ్చేశాను. తిడుతుందనుకున్నాను. అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. నా సంచీలోంచి లెక్కల పుస్తకం తీసి ఆ బెంచీ మీదే తెరిచి, ఏ లెక్క రాలేదో చూపించమంది.

ప్రేమతో,
మీ అమ్మమ్మ